ఆడిటర్ మారితే షేర్లు అమ్మేయాలా?

అమ్మలూ,

ఆశీస్సులు. నిన్న వైట్‌ఫీల్డ్ నుంచి ఫోన్ చేసి, "మా కంపెనీ ఆడిటర్ మారుతున్నాడట, షేర్లు అమ్మేయమంటారా పెదనాన్నా?" అన్నావు. నీ గొంతులో టెన్షన్ విన్నాక నిద్ర పట్టలేదు. తొందరపడి అమ్మకు, ముందు ఇది చదువు.

ఆడిటర్ గడువు తీరి వెళ్తున్నాడా, మధ్యలో వదిలేశాడా? మొదట తేల్చుకోవలసింది అదే. 2013 కంపెనీల చట్టం ప్రకారం షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలో ఒక ఆడిట్ సంస్థ వరుసగా రెండు దఫాలు, అంటే పదేళ్ళకు మించి ఉండకూడదు. మన బెంగళూరు ఇన్ఫోసిస్‌కు 2017లో డెలాయిట్ అనే కొత్త ఆడిట్ సంస్థ వచ్చింది ఈ నియమం వల్లే. ఇలాంటి మార్పు ముందే తెలిసిపోతుంది, దాని గురించి బెంగపడక్కర్లేదు.

మధ్యలో రాజీనామా అయితే మాత్రం ఇన్వెస్టర్లు భయపడతారు. లెక్కలు లోపలి నుంచి చూసిన మనిషి ఫీజు కూడా వదులుకుని పోతున్నాడంటే మనకు కనపడనిదేదో చూశాడేమో అనుకుంటారు. అది అనవసర భయమని నేననను. ఆడిటర్ చెప్పిన కారణాలు అందిన 24 గంటల్లోపు కంపెనీ వాటిని స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇవ్వాలి. ఆ ఉత్తరం వెతికి చదువు. "అడిగిన సమాచారం ఇవ్వలేదు" అని ఉంటే ఇక ఆగకు, అమ్మేయి. "పని ఒత్తిడి" అని ఒక్క ముక్కతో సరిపెడితే తేదీ చూడు. ఏడాది లెక్కల మీద సంతకం పెట్టాల్సిన వేళకే ఒత్తిడి గుర్తొచ్చిందంటే నాకు నమ్మకం కుదరదు.

నేను ఒకసారి నమ్మాను. ఒక చిన్న కంపెనీలో నా రిటైర్మెంటు డబ్బు కొంత పెట్టాను. ఆడిటర్ అలాగే రాసి వెళ్ళిపోయాడు. కొత్తాయన వస్తాడులే అని ఊరుకున్నాను. తర్వాత రోజూ లోయర్ సర్క్యూట్ పడింది, అంటే ఒక్కరోజులో షేరు ఎంతవరకు పడొచ్చో ఆ హద్దు దాకా పడిపోయేది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. మీ పెద్దమ్మకు ఆ సంగతి చెప్పడానికి నెల పట్టింది.

అలాగని పాత ఆడిటరే ఉన్నాడని నిశ్చింతగా ఉండకు. సత్యం కంప్యూటర్స్ కంపెనీలో ఏళ్ళ తరబడి ఒకే ఆడిట్ సంస్థ ఉంది. అయినా 2009 జనవరి 7న లెక్కల్లో చూపిన 5,040 కోట్ల నగదు లేనే లేదని ఛైర్మనే ఉత్తరం రాశాడు. ₹179 దగ్గరున్న షేరు ఆ ఒక్కరోజే ₹40కి పడిపోయింది. దఫాల నియమం ఆ తర్వాతే వచ్చింది.

కొత్త ఆడిటర్ ఎవరన్నదీ ముఖ్యమే. పెద్ద కంపెనీ, పేరున్న సంస్థను పంపేసి ఎవరూ వినని చిన్న సంస్థను తెచ్చుకుంటే ఎందుకని అడుగు. ఆ నియామకానికి సమావేశంలో వాటాదారుల ఓటు కావాలి. పది షేర్లున్నా ఈ-ఓటింగ్‌లో నీ ఓటు వెయ్యి.

శనివారం మల్లేశ్వరం వచ్చేటప్పుడు రాజీనామా అయితే ఆ ఉత్తరం, పోయినేటి వార్షిక నివేదిక ప్రింట్ తీసుకురా. ఆడిటర్ నివేదికలో అభ్యంతరాలు రాసిన పేజీ కలిసి చూద్దాం. ఉత్తరంలో సమాచారం ఇవ్వలేదన్న మాట లేకపోతే, అప్పటిదాకా కొనకు, అమ్మకు.

మీ పెదనాన్న