టెక్ సందేహాలు: వీధి ఫోటోలో వంగిన తలలు

ప్రశ్న: నాది బరంపురంలో ఉద్యోగం. పదిహేనేళ్ళుగా ప్రతి ఆదివారం కెమెరా భుజాన వేసుకుని బజారు వీధుల్లో తిరుగుతూ, తమ పనిలో తాము ఉన్న మనుషుల ఫోటోలు తీస్తున్నాను. పాత ఫోటోలలో ముఖాలు ఉన్నాయి. ఇప్పటివాటిలో నడినెత్తులే కనిపిస్తున్నాయి. ప్రతివారూ ఫోనులోకి చూస్తూ ఉంటున్నారు. పెద్ద జూమ్ లెన్సు కొంటే ఫలితం ఉంటుందా?

జవాబు: ఉండదు. జూమ్ లెన్సు వంగిన తలను దగ్గరగా చూపగలదే గాని పైకి ఎత్తలేదు. పైగా దూరం నుంచి లాగి తీసినకొద్దీ మనిషికీ వీధికీ ఉన్న సంబంధం తెగిపోయి, నుదురు, చేయి, ఫోను అనే మూడే మిగులుతాయి. ఆ మూడూ ఏ ఊళ్ళోనైనా ఒకేలా ఉంటాయి కనుక తీసినది బరంపురమో బొబ్బిలో చూసేవారికి తెలియదు.

మీరు గమనించిన మార్పు మాత్రం నిజమే. బస్సు కోసం నిలబడిన మనిషి ఒకప్పుడు బస్సు వచ్చే దిక్కు చూసేవాడు, పక్కవాడితో పేచీ పెట్టుకునేవాడు, ఏమీ తోచక గోడమీది సినిమా పోస్టరును అక్షరం అక్షరం చదివేవాడు. వీధి ఫోటోకు ఆ తోచనితనమే ముడిసరుకు. ఇప్పుడు ఆ ఖాళీ క్షణాలన్నీ ఫోను తెరలోకి ఇంకిపోతున్నాయి. అయితే ఫోను చూసేవాడు వేరు, ఫోనులో మాట్లాడేవాడు వేరు. తెర చూసేవాడి ముఖం మూసుకుపోతుంది. మాట్లాడేవాడి ముఖం, చేతులు చుట్టూ ఎవరూ లేనట్టుగా విచ్చుకుంటాయి. రాయగడ స్టేషను బయట టీ కొట్టు దగ్గర అరగంట కూర్చోండి. సగం తాగిన గ్లాసు చేతిలో ఉండగానే "బయల్దేరిపోయానురా, దారిలో ఉన్నాను" అని ఎవరికో నమ్మబలుకుతున్న మనిషి, ఆ కాల్ పెట్టేసి మరో కాల్‌లో ఒడియాలోకి మారేసరికి నిలబడే తీరు కూడా మార్చుకుంటాడు. అతడు మిమ్మల్ని చూడడు, కళ్ళు మాత్రం ఎత్తే ఉంటాయి. పాతకాలపు ఫోటోగ్రాఫర్లకు ఇంతటి వరం దొరకలేదు.

రెండవ ఉపాయం, తల ఎప్పుడు లేస్తుందో ముందే తెలిసిన చోట కాచుకోవడం. కూరగాయల దుకాణంలో కొనేవాడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కుతాడు; అమ్మే ఆమె అతడి ఫోను వంకే చూస్తూ ఉంటుంది. డబ్బు చేరినట్టు సౌండ్ బాక్సు పలికేవరకు ఒకటి రెండు సెకన్లు ఇద్దరూ బిగపట్టి ఉంటారు. అది పలకగానే ఇద్దరి తలలూ ఒక్కసారి లేస్తాయి. ఆమె చేయి సంచి అందించడానికి, అతడి చేయి అందుకోవడానికి ముందుకు వస్తాయి. పిన్ నొక్కడం పూర్తయిన వెంటనే కెమెరా కంటికి ఆనించి, సౌండ్ బాక్సు పలకగానే వరుసగా నాలుగైదు ఫ్రేములు తీయండి. తలలు లేచే రెండవ తావు రాయగడ, కోరాపుట్‌ల మధ్య రైలు మార్గం. సొరంగంలోకి వెళ్ళగానే సిగ్నల్ పోతుంది, వీడియో ఆగిపోతుంది, పెట్టెలో ఉన్నవారందరూ అప్పుడే నిద్ర లేచినట్టు ఒకరినొకరు చూసుకుంటారు. సొరంగం దాటి వెలుగు ముఖాల మీద పడిన ఆ కొద్ది క్షణాలకు సిద్ధంగా ఉండాలి.

ఫోనును ఎప్పుడూ తప్పించవలసిన పని కూడా లేదు. రెండేళ్ళకొకసారి మీ ఊళ్ళో జరిగే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రలో ఒంటినిండా పులి చారలు వేసుకున్న ఒక మనిషి అరుగు మీద కూర్చుని, వేళ్ళకున్న పసుపు రంగు అంటకుండా చిటికెన వేలితో తెర జరుపుకోవడం చూశాను. ఆ ఫోటోలో ఫోను లేకపోతే అది ఒట్టి పులి వేషమే. ఇంతకీ ఆ ఫోటో నా దగ్గర లేదు. సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను మోగింది. ఎవరా అని నేను తల వంచి చూసి, తిరిగి తల ఎత్తేసరికి పులి లేచి వెళ్ళిపోయింది. అప్పటినుంచి కెమెరా బయటికి తీసేముందు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం నాకు అలవాటయింది.

లెన్సు సంగతి. మీది ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 28 మిల్లీమీటర్ల లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని (అపెర్చర్) ఎఫ్/8 దగ్గర ఉంచి, ఫోకస్‌ను 3 మీటర్ల దగ్గర స్థిరపరిస్తే సుమారు మీటరున్నర నుంచి 30 మీటర్ల వరకు అన్నీ స్పష్టంగా వస్తాయి. ఆటో ఫోకస్ వెతుకులాటలో క్షణం జారిపోదు. నడిచేవారికి షట్టర్ వేగం కనీసం 1/250 సెకను ఉండాలి, ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, ఆటోకు వదిలేయవచ్చు. బల్ల మీద కూర్చుని తీస్తే వంగిన ముఖం కూడా కింది నుంచి కొంత కనిపిస్తుంది. సాయంత్రం ఫోను వెలుగు ముఖం మీద పడే ఫోటోలు మాత్రం ఇప్పటికే అరిగిపోయాయి. మీ దగ్గర ఒకటి ఉంటే చాలు.

ప్రశ్న: గుణుపురంలో చదువుకుంటున్నాను. ఫోను ఒక్కటే నా కెమెరా. బటన్ నొక్కిన తరువాత ఫోటో ఆలస్యంగా పడుతోంది. అది చాలదన్నట్టు, ఫోను ఎత్తగానే కొందరు పోజు ఇస్తున్నారు, కొందరు ముఖం తిప్పుకుంటున్నారు. ఏ ఫోను కొనాలి?

జవాబు: కొనవలసినది ఏమీ లేదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటి కెమెరా యాప్ తెరిచి ఉన్నంతసేపూ ఫ్రేములను తనంతట తాను మెమరీలోకి తీసుకుంటూ, మీరు బటన్ నొక్కిన క్షణానికి దగ్గరగా ఉన్న ఫ్రేమును భద్రపరుస్తుంది. ఆలస్యం రెండు చోట్ల వస్తుంది. యాప్ తెరుచుకోవడంలో వచ్చే ఆలస్యానికి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను రెండుసార్లు నొక్కితే కెమెరా నేరుగా వస్తుంది; ఆ సౌకర్యం సెట్టింగ్స్‌లో ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇక నైట్ మోడ్ మీరు నొక్కిన తరువాత ఒకటి రెండు సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు వెలుతురు పోగుచేస్తుంది కనుక కదిలే మనిషి ఫోటోలో దెయ్యంలా అలుక్కుపోతాడు. వీధిలో దానిని ఆపేయండి. ఫోటోలో కొంచెం నలుసు (నాయిస్) వచ్చినా పరవాలేదు. తెర మీది బటన్‌కు బదులు వాల్యూమ్ బటన్ నొక్కితే ఫోను కదలదు. తీసేముందు లెన్సును చొక్కా అంచుతో తుడవండి. నేను చూసే మసక ఫోటోలలో సగానికి కారణం వేలిముద్రలే.

పోజుల విషయానికి వస్తే, మీ ఎదుటివారు కెమెరాకు బెదరడం లేదు, రీలుకు బెదురుతున్నారు. నిలువుగా, ముఖానికి ఎదురుగా, చేయి చాచి పట్టుకున్న ఫోను ఇప్పుడు వీడియోకు గుర్తు. దానిని అడ్డంగా, రెండు చేతులతో, ఛాతీ ఎత్తులో పట్టుకోండి. ఒకే చోట పావుగంట నిలబడితే మొదటి అయిదు నిమిషాలలో పోజు ఇచ్చినవారే తరువాత మిమ్మల్ని మరిచిపోతారు. ఫోను ప్రధాన లెన్సు సాధారణంగా 24 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి రెండు మూడు మీటర్ల దగ్గరికి వెళ్ళక తప్పదు. జూమ్ మీద వేలు పెట్టకండి.

ప్రశ్న: రాయగడ జిల్లా చటికొన బుధవారం సంతలో డొంగ్రియా కొంధు గిరిజన స్త్రీల సహజమైన ఫోటోలు తీయాలని ఉంది. తెర నల్లగా ఉండి, చప్పుడు లేకుండా ఫోటో తీసే యాప్ పేరు చెప్పగలరా?

జవాబు: చెప్పను. అటువంటి యాప్‌లు ఉన్నాయి, పనీ చేస్తాయి. అడిగిన అవసరమే నాకు నచ్చలేదు. జపాన్‌లో అమ్మే ఫోన్లలో కెమెరా చప్పుడును వాడేవారు ఆపలేకుండా చేసినది ఇటువంటి రహస్యపు ఫోటోల బెడద వల్లనే. మన దేశంలో అటువంటి నియమం లేదు, బహిరంగ స్థలంలో ఫోటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టమూ లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు దొంగచాటుగా చూడడాన్ని, చిత్రించడాన్ని శిక్షార్హం చేస్తుంది. సంత వ్యవహారం దాని కిందికి రాదు. అయినా, ఎదుటివారికి తెలియకుండా తీస్తేనే సహజమైన ఫోటో వస్తుందన్న మీ లెక్కే తప్పు. ఆ సంతకు కెమెరాలు ఏళ్ళ తరబడి వస్తున్నాయి. ముక్కు పోగులు చూసి లెన్సు ఎత్తేవారిని అక్కడి స్త్రీలు మనకంటే ముందే కనిపెడతారు.

పసుపో పనసకాయో ఏదైనా కొనండి, బేరమాడండి, ఆ తరువాత ఫోను చూపించి తల ఊపి అడగండి. ఒప్పుకుంటే మొదటి ఫోటోలో బిగుసుకుపోతారు. అది తీసి తెర మీద వారికి చూపించండి. పక్కనున్నవారు కూడా వచ్చి, తెరలోకి వంగి చూసి, ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. మీకు కావలసిన సహజమైన ఫోటో ఆ రెండవదే. వద్దన్నవారి ఫోటో ముందే పడి ఉంటే వారి ఎదుటే డిలీట్ చేసి చూపండి, "ఇటీవల తొలగించినవి" అన్న ఫోల్డరు నుంచి కూడా తీసేయండి.

ఇంకొక్కటి. ఆ ఫోటోలను తీసేముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపి ఉందో లేదో చూడండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే లొకేషన్ వివరం తొలగిపోతుంది గాని, స్పష్టత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే ఫోటో తీసిన చోటు కూడా దానితోపాటే వెళుతుంది.