గుడ్డు ఉడికించిన మంత్రి

చిరంజీవికి ఆశీస్సులు.

స్విట్జర్లాండ్ మాజీ మంత్రి అడాల్ఫ్ ఓగి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ నాలుగో పేజీలో ఒక్క వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది: "ఇంధన పొదుపుపై టీవీలో ప్రచారం చేశారు." అంతేనా అమ్మా?

1988లో ఇంధన మంత్రిగా ఉన్న ఓగి టీవీ కెమెరా ముందు నిలబడి గుడ్లు ఉడికించారు. గిన్నెలో కాసిని నీళ్లు, పైన మూత. ముందే పొయ్యి ఆపేసి, మిగిలిన వేడికే ఉడకనిచ్చారు. కొందరు నవ్వారు. కానీ ఆయన పేరు చెప్తే అక్కడివాళ్లకు ఇప్పటికీ ఆ గుడ్డు గుర్తొస్తుంది. దాన్ని నువ్వు "ప్రచారం" అన్న మాట కింద పాతిపెట్టావు.

మనిషి చేతులు ఏం చేశాయో ముందు రాయాలి. నా మొదటి జీవితకథ ఒక కబడ్డీ కోచ్ గురించి. పిల్లల మోకాళ్లు చీరుకుపోకుండా ఆయన రోజూ తెల్లారకముందే కోర్టు మట్టి జల్లెడ పట్టేవాడు. ఆ పేరా సంపాదకుడు కొట్టేసి, పదవులూ సన్మానాలూ పెట్టించాడు. అచ్చయిన పత్రిక పట్టుకుని వెళ్తే కోచ్ భార్య పేజీలు తిప్పి, "జల్లెడ సంగతి రాయలేదా?" అంది. ముప్పై ఏళ్లయినా ఆ సంపాదకుణ్ణి క్షమించలేకపోతున్నాను.

ఓగి మంత్రి అయ్యాకే క్రీడలను నెత్తికెత్తుకున్న మనిషి కాదు, ముందునుంచీ ఉన్నదే. కాండెర్‌స్టెగ్ అనే కొండ ఊళ్లో పుట్టారు. తండ్రి అడవి పని చేస్తూ కొండలెక్కేవాళ్లకు దారి చూపేవాడు. 1972 సపోరో ఒలింపిక్స్ నాటికి స్కీ జట్టు బాధ్యత ఈయనదే. ఆ ఏడు స్విట్జర్లాండ్‌కు 10 పతకాలు. "ఓగి మనుషులు ఇవాళ గెలుస్తారు" అని జనం జర్మన్‌లో ప్రాస కట్టుకున్నారు. నీ వ్యాసంలో ఇదంతా 1993, 2000 దేశాధ్యక్ష పదవుల తర్వాత, చివరి పేజీలో ఎందుకుంది?

సియోల్ పేరా మాత్రం ముట్టుకోకు. 2006 శీతాకాల ఒలింపిక్స్‌ను తమ దేశపు సియోన్ నగరానికి తేవాలని ఆయన అంత తిరిగితే, 1999లో సియోల్‌లో జరిగిన ఓటింగ్‌లో 53-36తో ఇటలీలోని టురిన్ గెలిచింది. ఒక్క విశేషణం లేకుండా రాశావు, నా గొంతు పట్టేసింది. ఆ దెబ్బ తిన్న మనిషే 2001లో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పిలిస్తే, క్రీడలతో శాంతి, అభివృద్ధి అంటూ ఆ సంస్థ పనికి వెళ్లారు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టు.

గుడ్డు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉంటాను.