మే నెల ఎండల్లో పుట్టినరోజు కేక్: క్రీమ్ జారకుండా, తెలుగు అక్షరాలు చెదరకుండా

మే నెలలో పాప పుట్టినరోజుకి గుడ్డు లేని కేక్ ఇంట్లోనే చేస్తే క్రీమ్ జారిపోతోందని, పైన తెలుగులో రాసినవి అలుక్కుపోతున్నాయని అడిగారు. రెండూ వేసవి వల్లే, కాకపోతే క్రీమ్‌కి వేడి, రాతకి తేమ కారణం. ముందు కేక్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను.

ఏడంగుళాల గుండ్రటి టిన్‌కి కమ్మటి గట్టి పెరుగు 1 కప్పు (240 మి.లీ.), పంచదార పొడి 150 గ్రాములు, నూనె అర కప్పు, మైదా ఒకటిన్నర కప్పు (సుమారు 190 గ్రాములు), బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూను, వంటసోడా అర టీస్పూను, వెనిల్లా 1 టీస్పూను. పెరుగూ పంచదారా బాగా కలిపి, బేకింగ్ పౌడర్, సోడా వేసి నురగ వచ్చేదాకా ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత నూనె, వెనిల్లా, చివరగా జల్లించిన మైదా. మైదా పడ్డాక ఎక్కువ గిలక్కొడితే కేక్ సాగుతుంది, కలిపి పక్కన పెట్టేస్తే సోడా పని అయిపోయి పొంగదు. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. కుక్కర్‌లో అయితే గ్యాస్కెట్, వెయిట్ తీసేసి, అడుగున స్టాండు పెట్టి, సన్న సెగ మీద 40 నుంచి 45 నిమిషాలు. మధ్యలో గుంట పడిందంటే ముందే మూత తీసి ఉంటారు, లేదా సోడా ఎక్కువై ఉంటుంది. ముందు రోజే చేసుకుని, పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ ర్యాప్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పొడి రాలకుండా పొరలుగా కోయొచ్చు.

ఇక క్రీమ్. చాలామంది తప్పు ఇక్కడే జరుగుతుంది. మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు సుమారు 25 శాతమే ఉంటుంది, ఎంత గిలక్కొట్టినా గట్టిగా నిలబడదు. పాల విప్పింగ్ క్రీమ్ రుచి బావుంటుంది కానీ 40 డిగ్రీల ఎండల్లో నిలవదు. మే నెలకి నాన్‌డెయిరీ విప్పింగ్ క్రీమే (పాలకొవ్వు బదులు వంటనూనెల కొవ్వుతో చేసేది) తీసుకోండి. అది గడ్డకట్టి వస్తుంది. బయట పెట్టి కరిగించకుండా ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. మంచు పలుకు ఒక్కటి కూడా మిగలకూడదు, అలాగని గోరువెచ్చన కూడా అవకూడదు. ఈ సైజు కేక్‌కి 300 మి.లీ. సరిపోతుంది. చాలావరకు ముందే తియ్యగా ఉంటుంది, పంచదార వేసేముందు రుచి చూడండి.

గిన్నె, బీటర్ పుల్లలు అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, గిన్నెను ఐసుముక్కలున్న పెద్ద పళ్లెంలో పెట్టి కొట్టండి. మొదట నెమ్మదిగా, తర్వాత మధ్యస్థ వేగంలో. కేక్‌కి పూసే క్రీమ్ పుల్ల ఎత్తితే కొన కాస్త వంగేలా ఉండగానే ఆపాలి, ఎందుకంటే పూసేటప్పుడు ఇంకా గట్టిపడుతుంది. పువ్వులు వేసే క్రీమ్ మాత్రం కొన నిటారుగా నిలబడాలి. రవ్వరవ్వగా అయిపోతే పారేయకండి, కొట్టని క్రీమ్ రెండు చెంచాలు పోసి చేత్తో మెల్లగా కలపండి. పైపింగ్ బ్యాగ్ (క్రీమ్ నింపి పువ్వులు వేసే సంచి) సగమే నింపండి. అరచేతి వేడికే లోపలి క్రీమ్ మెత్తబడిపోతుంది. కేక్ మెత్తగా ఉండటానికి పొరల మీద చల్లే పంచదార నీళ్లు పొరకు మూడు నాలుగు చెంచాలు మించితే పైపొర పక్కకి జరుగుతుంది. అనాసపళ్ల ముక్కలు పెట్టాలంటే పంచదారతో ఐదు నిమిషాలు ఉడికించి, రసం వంపేసి పెట్టండి. పచ్చివి పెడితే నీరూరి క్రీమ్ వదులవుతుంది.

ఇప్పుడు రాత. కేక్ ఫ్రిజ్‌లోంచి బయటికి రాగానే, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో, పైన తేమ చేరుతుంది. రంగు జెల్‌తో రాసింది ఆ తేమకే కరిగి పాకుతుంది. అందుకే రాతకి డార్క్ కాంపౌండ్ చాక్లెట్ (కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసే బేకింగ్ చాక్లెట్) వాడండి. పైగా తెలుగు అక్షరానికి చోటు ఎక్కువ కావాలి. 'ట్టి'లో పైన గుడి, కింద వత్తు కలిపితే మూడు సెంటీమీటర్లు పోతుంది. అక్షరం ఒకటిన్నర సెంటీమీటర్ల కన్నా చిన్నదైతే 'భా', 'క్ష' లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అందుకని పంక్తికీ పంక్తికీ మూడున్నర సెంటీమీటర్లు వదలండి. పై పంక్తిలో 'పుట్టినరోజు', వెడల్పు ఎక్కువుండే మధ్యలో 'శుభాకాంక్షలు', కింద పాప పేరు.

నేరుగా కేక్ మీద రాయడం కన్నా విడిగా చాక్లెట్ పలక చేసుకోవడమే నా దృష్టిలో ఉత్తమం. తప్పు పోతే పలకే పోతుంది, కేక్ పాడవదు. ఫోన్‌లో పెద్ద అక్షరాలతో టైప్ చేసి, అద్దంలో కనిపించినట్టు తిరగేసి ప్రింట్ తీయండి. దాని మీద బటర్ పేపర్ అంటించి, కరిగించిన డార్క్ కాంపౌండ్‌ను కాగితం పొట్లంలో నింపి, కొనను సన్నగా కత్తిరించి గీతల వెంట రాయండి. అక్షరం పూర్తవగానే చెయ్యి ఎత్తకుండా ముందు నొక్కడం ఆపితే తోకలు రావు. ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, గోరువెచ్చగా ఉన్న వైట్ కాంపౌండ్ దాని మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పోయండి. వేడిగా పోస్తే కింది రాత కరిగిపోతుంది. పావుగంట గట్టిపడనిచ్చి, తిరగేసి, కాగితం ఒలిస్తే నున్నటి పలక మీద అచ్చు వేసినట్టు అక్షరాలుంటాయి. చాక్లెట్ కరిగించే గిన్నెలో నీటిచుక్క పడిందా, మొత్తం ముద్దకట్టేస్తుంది. ఆవిరి కూడా తగలనివ్వకండి.

అలంకరించిన కేక్ కనీసం రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి. పెట్టెలోనే ఉంచి, కోయడానికి పది నిమిషాల ముందు తీసి, అప్పుడే పలక పెట్టండి. ఏసీ లేని గదిలో అరగంట మించి ఉంచొద్దు. పెరటి పూలతో ముస్తాబు చేద్దామనుకుంటే గన్నేరు మాత్రం దగ్గరికి రానివ్వకండి, అది విషం. బజారు గులాబీలకు మందు కొట్టి ఉంటారు కాబట్టి అవి కూడా క్రీమ్‌కి తగలకూడదు, కేక్ చుట్టూ పళ్లెంలో పేర్చుకోండి.