నీళ్ళు పోయే కన్నం మూసెయ్యకు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వీడు రొయ్యలు తోలిన పాత పికప్పొకటి కొనుక్కొచ్చేడు, రేకుపని కూడా తనే చేసుకుంటాడట" అంది. ఆ తరవాత నాకు నిద్ర పట్టలేదు. సగం భయం. రెండో సగం ఏమిటో చెప్పను, నీ నెత్తికెక్కుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు రావులపాలెంలో టింకరింగు చేసేను, నా కొడుకులిద్దరూ షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఇన్నాళ్ళకి చెల్లెలి కొడుకు సుత్తి పట్టుకుంటానంటున్నాడు. ఫోన్లో చెబితే "ఆఁ, ఆఁ" అని ఊరుకుంటావు. అందుకే కాగితం తీసేను.

ముందు తిట్లు. నువ్వు పంపిన మూడు ఫొటోల్లోనూ బండి కొబ్బరిచెట్టు కిందే ఉంది. బుద్ధుందా? సొట్టలు తియ్యడానికి కొన్నావా, కొత్తవి వేయించుకోడానికా? టాపు మీద పడితే సొట్ట, నీ తల మీద పడితే మీ అమ్మకి నేనేం చెప్పాలి? పైగా అక్కడంతా ఇసక. జాకీ ఎత్తుతావు, కిందకి దూరతావు, జాకీ నెమ్మదిగా నేలలోకి దిగుతుంది. చప్పుడు కూడా చెయ్యదు. మా షెడ్డులో గచ్చు మీదే ఒకసారి జాకీ జారితే ఒక కుర్రాడి చెయ్యి పోయింది. గట్టి నేల మీద పెట్టు, చాసిస్ కింద కొయ్యదిమ్మలు వెయ్యి, బరువు వాటి మీదకి దించేక గానీ తల దూర్చకు. గ్రైండరు పట్టుకునేటప్పుడు కళ్ళజోడు. నా కుడికన్ను సంగతి నీకు తెలుసు.

ఇక బండి కడగడం. రొయ్యల బండి అంటే ఐసు కరిగిన నీళ్ళూ, చెరువు ఉప్పూ ఏళ్ళ తరబడి డాలా సందుల్లో, అదే, వెనక సరుకు వేసే తొట్టి సందుల్లో, కూర్చుంటాయి. మీ ఇంటి బోరు నీళ్ళు ఉప్పన కదా, వాటితో కడిగితే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే. కాలువలో నీళ్ళున్నప్పుడే కడుగు. ఎండాకాలం కాలువలు కట్టేసేక ఏడిస్తే లాభం లేదు. కిందనుంచి, సందుల్లోనుంచి, రెండు మూడు రోజులు వరసగా కడిగి ఎండబెట్టు.

కడిగేక ఒక అయస్కాంతం, ఒక పాత స్క్రూడ్రైవరు తీసుకుని బండంతా తిరుగు. అయస్కాంతం పట్టుకోని చోట రంగు కింద లప్పం దాగుంది. స్క్రూడ్రైవరు దిగబడిన చోట రేకు లేదు, తుప్పే ఉంది. రంగు మీద చిన్న పొక్కు కనబడిందంటే లోపల అరచెయ్యంత పోయిందనుకో. తుప్పు లోపలనుంచి పుడుతుంది, మనకి కనబడేది దాని చివరి కబురు.

సొట్టల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నడిమధ్య కొట్టకు, రేకు సాగిపోతుంది. చివరలనుంచి లోపలికి రా, వెనకాల డాలీ, అదే, చేతిలో పట్టే ఇనపదిమ్మ, ఆనించి చిన్న దెబ్బలు వెయ్యి. చేత్తో తడిమి చూడు. ఈ పనిలో కంటి కంటే అరచెయ్యి నయం.

ఇప్పుడు అసలు సంగతి. నేనిది నా కొడుకులకి కూడా చెప్పలేదు.

1996 నవంబరు తుపాను నీకు తెలీదు, నువ్వింకా పుట్టలేదు. కోనసీమలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడ్డాయి, కొన్ని బళ్ళ మీద పడ్డాయి. మా షెడ్డు ముందు వరస కట్టేరు. రాత్రీ పగలూ పని. ఆ గోలలో పాలకొల్లు వైపు ఆసామీ ఒకాయన పాత పికప్పు తెచ్చేడు. టాపు నొక్కుకుపోయింది, దాంతోపాటు తలుపు కింద పట్టీ రెండు వైపులా తుప్పు పట్టింది. ఆ పట్టీ లోపల డొల్ల. దాని అడుగున వేలెడంత కన్నాలుంటాయి. తలుపుల్లోంచి దిగిన వాననీళ్ళు అక్కణ్ణుంచి పోవాలి.

నేను తుప్పంతా కోసి, పద్ధెనిమిది గేజీ రేకు వంచి, ఈ చివరనుంచి ఆ చివరకి ఒకటే ముక్క అతికించేను. సన్నటి వెల్డింగు టాకాలు, ఒకదాని పక్కన ఒకటి కాకుండా దాటేసి దాటేసి వేసి, చల్లారనిచ్చి, మళ్ళీ మధ్యలో నింపి. గ్రైండు చేసేక అతుకెక్కడో నాకే దొరకలేదు. మీ అత్తయ్యని షెడ్డుకి పిలిచి మరీ చూపించేను. కన్నాలు మాత్రం మళ్ళీ పెట్టలేదు. మరిచిపోలేదు రా, అదే సిగ్గు. నున్నగా వచ్చిన పనికి డ్రిల్లు పెట్టబుద్ధి కాలేదు. లోపలికి నీళ్ళు రాకుండా చుట్టూ సీలు చేసేస్తే చాలనుకున్నాను.

ఏడాదిన్నర కూడా తిరగలేదు. మాఘమాసంలో ఆయన పెళ్ళాం బిడ్డలతో అంతర్వేది తీర్థానికి బయల్దేరేడు. ఏటిగట్టు మీద ఒక గోతిలో పడగానే పట్టీ విరిగి, తలుపు నిలబడే స్తంభం కిందకి కుంగి, తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆమె ఒళ్ళో పిల్లాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కుంది కాబట్టి సరిపోయింది.

బండిని తాడు కట్టి నా దగ్గరకే తెచ్చేడు. ఒక్క మాట అనలేదు. నా బల్ల మీద స్క్రూడ్రైవరు తీసి ఆ పట్టీలో పొడిచేడు. లోపలనుంచి నల్లటి నీళ్ళు, చెంబెడు, నా కాళ్ళ మీద పడ్డాయి. అవి నేను దాచిపెట్టిన నీళ్ళు. డబ్బు తీసుకోకుండా మొత్తం మళ్ళీ కట్టేను. అయినా ఆయన ఇంకెప్పుడూ మా షెడ్డుకి రాలేదు. ఆ రాత్రి మీ అత్తయ్య అన్నం పెట్టి, ఏమైందని అడగలేదు. అడిగుంటే బావుండేది.

మీ తాతయ్య చేలో నాకెన్నిసార్లు చెప్పేడో! "కాటన్ దొర 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టేడని దణ్ణం పెడతారు. మురుక్కాలువకి ఎవడూ పెట్టడు. అది పూడితే చేను కుళ్ళిపోతుంది" అనేవాడు. పొలంలో పుట్టి పెరిగినవాణ్ణి, రేకు దగ్గరకొచ్చేసరికి ఆ ముక్క ఎలా మరిచేనో.

కాబట్టి కోసే ముందు ప్రతి కన్నం ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకో, ఫొటో తీసుకో. తలుపు అడుగున, పట్టీ అడుగున, డాలా మూలల్లో. కొత్త రేకుకి అవే చోట్ల పెట్టు. రంగు వేసేక సన్నటి తీగ దూర్చి చూడు. పట్టీ లోపలికి ప్రైమరు, ఆ తరవాత మైనం మందు కొట్టు.

వెల్డింగుకి ముందు బ్యాటరీ తీగ విప్పు. సీటూ, మ్యాటూ, దాని కిందున్న స్పాంజీ బయటపడెయ్, లేకపోతే అవతలి వైపు అంటుకున్న సంగతి నీకు వాసన వచ్చేదాకా తెలీదు. డీజిలు ట్యాంకు దగ్గర నువ్వు ముట్టుకోకు.

లప్పం మందంగా పెట్టకు, రెండు మూడు మిల్లీమీటర్లు మించితే పగులుతుంది. నిమ్మకాయంత లప్పానికి బఠాణీగింజంత హార్డెనరు, అదే, దాన్ని గట్టిపరిచే మందు, చాలు. లప్పం నీళ్ళు పీలుస్తుంది, రాత్రి మంచులో వదిలెయ్యకు. రంగు తీసిన రేకు మన గాలికి తెల్లారేసరికి ఎర్రబడుతుంది, ఆ పూటే ప్రైమరు పడాలి. వాన వాతావరణంలో రంగు కొడితే తెల్లటి పొర వస్తుంది. ఎండ చూసుకో.

పాత రంగే వెయ్యి. మార్చాలంటే ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మార్పించుకోవాలి. ఎనిమిదేళ్ళు దాటిన బండి, ఏటా ఫిట్‌నెస్సుకి తీసుకెళ్ళాలి. మెరిసే టేపులు మళ్ళీ అతికించు, ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. నా సుత్తి, రెండు డాలీలు సంచిలో పెట్టేను. మీ అత్తయ్య పూతరేకులు కూడా పెట్టింది, పైన పెట్టమంటే వినకుండా డాలీల కింద పెట్టింది, ఎలా వస్తాయో చూడాలి. పట్టీ నేనొచ్చేక కలిసి కోద్దాం.

ఈలోగా ఆ బండిని చెట్టు కిందనుంచి జరుపు.

మీ మావయ్య