మూడు రోజుల ముంబైకి బయల్దేరే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. ఎలిఫెంటా గుహలు, జుహూ బీచ్, సిద్ధివినాయక్ గుడి, ఫిల్మ్ సిటీ, కన్హేరి గుహలు, గేట్‌వే ఆఫ్ ఇండియా, హీరోల ఇళ్లు, రెండు మాల్స్, ఇంకా ఏవేవో, అన్నీ మూడు రోజుల్లో, అదీ ఆరేళ్ల పిల్లాడితో, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారితో. ఇందులో సగం కొట్టేయి. నొచ్చుకోకు, ఆ ఊళ్లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి, వచ్చిన చుట్టాలందరినీ తిప్పినవాణ్ని కాబట్టి చెప్తున్నా. నువ్వు రాసుకున్నవి బాగుండవని కాదు. కన్హేరి, ఫిల్మ్ సిటీ ఊరికి ఉత్తరం కొసన, గేట్‌వే దక్షిణం కొసన. ఒక్క రోజులో రెండూ పెట్టుకుంటే మీరు చూసేది ముందు కారు వెనక అద్దమే.

ముందు ఊరి ఆకారం బుర్రలో పెట్టుకో, తర్వాత ప్లాన్ దానంతటదే వస్తుంది. ముంబై మన హైదరాబాద్‌లా నాలుగు వైపులా పెరిగిన ఊరు కాదు. ఒకప్పుడు ఏడు దీవులు, వాటి మధ్య నీళ్లు పూడ్చి ఒక్కటి చేశారు. పడమర అరేబియా సముద్రం, తూర్పున హార్బర్, మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా దిగిన నేల. పాత ఆఫీసులు, బ్యాంకులు, హైకోర్టు అన్నీ కింద దక్షిణాన, జనం కాపురాలు పైన ఉత్తరాన. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఊరంతా కిందికి దిగుతుంది, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా అంతా పైకి వెళ్తుంది. బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ వచ్చాక, అంధేరీ వైపు ఆఫీసులు పెరిగాక రోడ్ల మీద రెండు వైపులా రద్దీ ఉంటోంది గానీ, లోకల్ రైళ్లలో మాత్రం ఈ లెక్క ఇప్పటికీ తప్పదు.

అందుకే బస దక్షిణాన తీసుకో. ఫోర్ట్, చర్చ్‌గేట్, కొలాబా, ఈ మూడింట్లో ఎక్కడైనా సరే. అల్లుడుగారు నవీ ముంబైలో ఏదో పెద్ద హోటల్ చవగ్గా వస్తోందన్నారని రాశావు. ఆ మిగిలిన డబ్బు రోజూ టాక్సీలకే పోతుంది, డబ్బు సంగతి వదిలెయ్, రోజుకు మూడు నాలుగు గంటలు రోడ్డు మీద పోతాయి, పిల్లాడు కారులో వాంతి చేసుకుంటాడు, మీ అత్తగారికి మధ్యాహ్నం నడుం వాల్చడానికి గది ఉండదు. దక్షిణాన గది కాస్త ఇరుకుగా, పాతగా ఉంటుంది, రేటూ ఎక్కువే. అయినా అదే మంచిది. మీరు చూడాల్సినవి చాలావరకు నడక దూరంలో ఉంటాయి, పైకి వెళ్లాల్సి వచ్చినా పొద్దున వెళ్లి సాయంత్రం దిగుతారు, అంటే జనానికి ఎదురు దిశలో.

రోజుల సంగతి. గురువారం పొద్దున దిగేలా, ఆదివారం పొద్దున బయల్దేరేలా చూసుకో. సోమవారం ఎలిఫెంటా మూసేస్తారు, మంగళవారం సిద్ధివినాయక్‌లో క్యూ చాలా పొడుగు, ఆదివారం రైళ్లకు మెగా బ్లాక్ అని పట్టాల పని పెట్టి మధ్యాహ్నం కొన్ని గంటలు బళ్లు తగ్గిస్తారు. ఈ మూడూ తప్పించుకుంటే చాలు. డిసెంబర్ అన్నావు, మంచి నెల, ఎండా అంతగా ఉండదు, చెమటా తక్కువే. కానీ 6వ తేదీ ముందూ వెనకా వద్దు. అంబేద్కర్ వర్ధంతికి దాదర్‌లో ఆయన స్మారకం చైత్యభూమికి లక్షల మంది వస్తారు, ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ మళ్లిస్తారు. అలాగే క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా గేట్‌వే దగ్గర కాలు పెట్టలేం. ఒకవేళ సెలవు దొరక్క ట్రిప్ జూన్ తర్వాతకి జరిగితే పూర్తిగా మానుకో. 2005 జూలై 26న అక్కడ ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటిది ప్రతి ఏడూ రాదు గానీ, మామూలు వానకే పట్టాల మీద నీళ్లు నిలిచి రైళ్లు ఆగిపోవడం అక్కడ కొత్తేం కాదు.

వెళ్లడానికి రైలే మేలు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సీఎస్‌ఎంటీలో, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దింపుతుంది, అక్కణ్నుంచి ఫోర్ట్‌లో హోటల్‌కి పది నిమిషాలు. టికెట్ తీసేటప్పుడు చివరి స్టేషన్ పేరు చూడు. కొన్ని రైళ్లు లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో ఆగిపోతాయి, అది కుర్లా దగ్గర, అక్కణ్నుంచి సామాన్లతో కిందికి రావడం ఇంకో ప్రయాణం. ఫ్లైట్ అయితే ఇప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. నవీ ముంబైలో కొత్త ఎయిర్‌పోర్ట్ 2025లో మొదలైంది, అది నీళ్లకు అవతలి వైపు. టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్ట్ ఉందో చూడకుండా చవగ్గా ఉందని బుక్ చేయొద్దు.

మొదటి రోజంతా ఫోర్ట్‌కే ఇచ్చేయి. నన్నడిగితే ముంబైలో చూడాల్సింది ఇదే, చాలామంది టాక్సీలోంచి చూసి వదిలేస్తారు. హోటల్లో స్నానాలు, టిఫిన్ అయ్యాక సీఎస్‌ఎంటీకి ఎదురుగా రోడ్డు దాటి నిలబడి ఆ స్టేషన్ని తీరిగ్గా చూడండి. స్టీవెన్స్ అనే ఇంజినీరు గీసిన బిల్డింగ్, 1878లో పని మొదలైంది, కట్టడానికి పదేళ్లు పట్టింది, 2004లో యునెస్కో జాబితాలోకి వెళ్లింది. గోడల మీద నెమళ్లు, కోతులు, సింహాలు చెక్కి ఉంటాయి, మీవాడితో లెక్కపెట్టించు, అరగంట కదలడు. మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు 1853 ఏప్రిల్ 16న ఠాణే దాకా వెళ్లింది ఈ చోటు నుంచే, అప్పటి బోరీ బందర్ స్టేషన్ ఇక్కడే ఉండేది.

అక్కణ్నుంచి దాదాభాయ్ నౌరోజీ రోడ్డు పట్టుకుని హుతాత్మా చౌక్ దాకా నడవండి, రోడ్డు పక్క ఆర్కేడ్ల కింద నీడ ఉంటుంది. మీ అత్తగారు నడవలేకపోతే ఆవిణ్ని, అల్లుడుగారిని టాక్సీలో నేరుగా మ్యూజియంకి పంపు, నువ్వూ పిల్లాడూ నడవండి. హుతాత్మా చౌక్ నుంచి కాస్త పడమరకి తిరిగి ఓవల్ మైదాన్‌కి వెళ్లు. మైదానం మధ్యలో నిలబడితే తూర్పున హైకోర్టు, రాజాబాయి గడియార స్తంభం, అంతా కోణాలు తేలిన రాతి కట్టడాలు. పడమరకి తిరిగితే 1930ల నాటి అపార్ట్‌మెంట్లు, గుండ్రటి బాల్కనీలు, ఓడల మీద ఉండేలాంటి గీతలు. ఒకదానికొకటి ఎదురుగా రెండు కాలాలు. ఈ రెండు వరసల్నీ కలిపి 2018లో యునెస్కో గుర్తించింది. టికెట్ లేదు, క్యూ లేదు, పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, కూర్చుని నీళ్లు తాగి లేవచ్చు. నీ లిస్టులో ఇది లేదు, రాసుకో.

తర్వాత కాలాఘోడా దగ్గరి పెద్ద మ్యూజియం, ఇప్పటి పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ. లోపల చల్లగా ఉంటుంది, ఎండ వేళ అక్కడ గడపడం తెలివైన పని. అంతా చూడాలని పట్టుపట్టకు, శిల్పాల హాలు, మినియేచర్లనే చిన్న సైజు చిత్రాలు, పిల్లాడి కోసం జంతువుల గ్యాలరీ, చాలు. బయటికొచ్చి గది, నిద్ర. సాయంత్రం ఐదున్నరకల్లా మెరీన్ డ్రైవ్ గట్టు మీద కూర్చోండి. సూర్యుడు సముద్రంలోకే దిగుతాడు, దీపాలు వెలిగేదాకా ఉండి రండి.

రెండో రోజు ఎలిఫెంటా. గేట్‌వే వెనక నుంచి పడవలు పొద్దున తొమ్మిది ప్రాంతంలో మొదలవుతాయి, మొదటి రెండు పడవల్లో ఎక్కేయండి, ప్రయాణం గంట. లైఫ్ జాకెట్ అడిగి తీసుకో, ముగ్గురికీ నలుగురికీ కాదు అందరికీ, పిల్లాడికి సరిపోయే సైజు ఉందో లేదో ఎక్కకముందే చూడు. 2024 డిసెంబర్‌లో ఈ దారిలోనే నౌకాదళం స్పీడ్‌బోటు ఒకటి ప్రయాణికుల పడవని గుద్దుకుని చాలామంది ప్రాణాలు పోయాయి. పడవలో జనం ఎక్కువ కనిపిస్తే దిగిపోయి తర్వాతది ఎక్కండి, ఈ విషయంలో మొహమాటం వద్దు. దిగాక చిన్న బొమ్మరైలు కొండ మొదలు దాకా తీసుకెళ్తుంది, ఆ పైన నూట ఇరవై మెట్ల దాకా ఉంటాయి. మీ అత్తగారికి డోలీ దొరుకుతుంది, బేరం ముందే, రానూ పోనూ కలిపి మాట్లాడాలి. తినేది ఏదీ చేతిలో కనపడనీయకు, కోతులు లాక్కుపోతాయి. మొదటి గుహలోనే ఆ మూడు ముఖాల శివుడు, ఇరవై అడుగుల ఎత్తు, ఒకే రాతిలో. ముందు కళ్లు ఆ చీకటికి అలవాటు పడేదాకా ఆగు, ఫోన్ తర్వాత తియ్యి. మిగతా గుహలు చిన్నవి, అలిసిపోతే వదిలేయండి. రెండింటికల్లా వెనక్కి వచ్చేస్తే ఆ రోజుకి ఇంకేం పెట్టుకోకండి. సాయంత్రం కొలాబా వీధుల్లో తిరిగి గాజులో చెప్పులో కొనుక్కోండి.

మూడో రోజు పడమటి తీరం వెంట పైకి. ఇక్కడే లోకల్ ఎక్కించు, ముంబై వెళ్లి లోకల్ ఎక్కకుండా రావద్దు. పదకొండు దాటాక చర్చ్‌గేట్‌లో ఎక్కండి, బండి అక్కడే మొదలవుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది. మహాలక్ష్మిలో దిగాలి, స్లో బండే ఎక్కాలి, ఫాస్ట్ బండి అక్కడ ఆగదు. సెకండ్ క్లాస్ టికెట్‌తో ఫస్ట్ క్లాస్ పెట్టె ఎక్కితే ఫైన్ వేస్తారు, బయట నుంచి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, రాసింది చదివి ఎక్కు. అందరూ ఒకే పెట్టెలో ఉండండి, నువ్వూ అత్తగారూ లేడీస్‌లో, వాళ్లు వేరే దాంట్లో అంటే దిగేటప్పుడు టెన్షన్. మహాలక్ష్మికి ముందు స్టేషన్ దాటగానే లేచి తలుపు వైపు రావాలి, బండి ఆగేది అర నిమిషం లోపే. ఎంత ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర నిలబడి ఫోటోలు తీయొద్దు.

స్టేషన్ పక్క వంతెన మీద నుంచి ధోబీ ఘాట్ కనిపిస్తుంది, చూసి టాక్సీలో మహాలక్ష్మి గుడికి, అక్కణ్నుంచి హాజీ అలీకి. హాజీ అలీ దర్గాకి వెళ్లే దారి పోటు వేళ నీళ్లలో మునుగుతుంది, ఆ రోజు పోటు టైం ముందు రాత్రే ఫోన్‌లో చూసుకో. తర్వాత వర్లీ మీదుగా సిద్ధివినాయక్. ఆ దారిలో పాత మిల్లుల పొగగొట్టాలు ఒకటీ అరా కనిపిస్తాయి. 1982 సమ్మెతో ఆ మిల్లులు చాలావరకు మూతపడ్డాయి, ఇప్పుడు ఆ స్థలాల్లో మాల్స్. ఆ మగ్గాల మీద మన పద్మశాలీలు ఎందరో పనిచేశారు, వర్లీ చాళ్లలో, అంటే ఒంటిగది వాటాల్లో కాపురాలున్నారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో వలసల గురించి అనేది ఊరికే కాదు. మీవాడికి ఆ మాట చెప్పు, పెద్దయ్యాక గుర్తుంటుంది.

తిరుగు ప్రయాణం మెట్రోలో. 33.5 కిలోమీటర్ల భూగర్భ లైను 2025 అక్టోబర్‌లో కఫ్ పరేడ్ దాకా పూర్తయింది, సిద్ధివినాయక్, వర్లీ, సీఎస్‌ఎంటీ, చర్చ్‌గేట్ అన్నీ దాని మీదే ఉన్నాయి, పాత ఎయిర్‌పోర్ట్ టెర్మినళ్లు రెండూ కూడా. లిఫ్టులు ఉంటాయి, మీ అత్తగారికి హాయి. మా రోజుల్లో ఇది లేదు, ఉంటే ఎన్ని సాయంత్రాలు మిగిలేవో. ఓపిక ఉంటే సిద్ధివినాయక్ నుంచి టాక్సీలో సముద్రం మీది వంతెన సీ లింక్ మీదుగా బాంద్రా వెళ్లి రావచ్చు, అది 5.6 కిలోమీటర్లు, ఆటోలకి ప్రవేశం లేదు, టోల్ మీరే కట్టాలి. అసలు ఆటోలు బాంద్రా, సయన్ దాటి కిందికి రానే రావు, దక్షిణాన నలుపు-పసుపు టాక్సీలే, మీటర్ వేయమని అడుగు, వేస్తారు.

జుహూ తీసేయి, మెరీన్ డ్రైవ్ చూశాక దానికోసం రెండు గంటలు పోవక్కర్లేదు. హీరోల ఇళ్లంటే గేట్లే కనిపిస్తాయి. కన్హేరి మాత్రం గొప్ప చోటు, వందకి పైగా గుహలు, అడవి మధ్యలో, దానికి ఒక రోజంతా కావాలి, ఇంకోసారి వెళ్లినప్పుడు బోరివలీ వైపు బస పెట్టుకుని చూడండి. తిండికి దిగులు పడకు, ఫోర్ట్‌లో ఉడిపి హోటళ్లున్నాయి, మీ అత్తగారికి ఇడ్లీ, సాంబారన్నం దొరుకుతాయి. మీరు మాత్రం వడాపావ్, ఇరానీ హోటల్లో బన్ మస్కా తినండి.

ఆదివారం పొద్దున ఏడింటికి రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఫ్లైట్‌కైనా రైలుకైనా ఆ వేళ బయల్దేరితే ఇబ్బంది ఉండదు. శనివారం సాయంత్రం ఫ్లైట్ మాత్రం పెట్టుకోకు, ఎయిర్‌పోర్ట్ ఉత్తరాన, ఆ వేళ రోడ్డు మీద బళ్లన్నీ అటే. టికెట్లు తీశాక ఏ రైలో, ఏ స్టేషనో నాకు రాయి, చర్చ్‌గేట్ వైపు లిఫ్ట్ ఉన్న లాడ్జీలు తెలిసినవాళ్లని అడిగి చెప్తాను.

మీ మావయ్య