వీడియో ఒక ఫోన్‌లో, మాట ఇంకో ఫోన్‌లో

ప్రశ్న: శ్రీరామనవమి పందిట్లో మా పెదనాన్నగారు హరికథ చెప్పారు. నేను బాగా వెనక నిలబడి ఫోన్‌లో వీడియో తీశాను. మా తమ్ముడు ఇంకో ఫోన్‌ని స్టేజి మీదే హార్మోనియం పక్కన పెట్టి ఆడియో రికార్డు చేశాడు. నా వీడియోలో జనం గోలే ఎక్కువ, వాడి ఆడియో మాత్రం చాలా బాగుంది. కంప్యూటర్ లేకుండా ఫోన్‌లోనే రెండూ కలపొచ్చా? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: నిక్షేపంగా కలపొచ్చండి. కాకపోతే వీడియోలో ఉన్న సౌండ్‌ని ముందే మ్యూట్ చేసేయకండి, పనికిరాదనుకుని చాలామంది మొదట చేసేది అదే, కానీ తమ్ముడి ఆడియో ఎక్కడ అతకాలో చెప్పేది ఆ గోల సౌండే.

కైన్‌మాస్టర్, వీఎన్, ఇన్‌షాట్, ఐఫోన్ అయితే ఐమూవీ, మీకు అలవాటైన యాప్ ఏదైనా సరే. వీడియో పెట్టి, కింద ఆడియో చేర్చండి. వీడియో సౌండ్ గీతలు (సౌండ్ హెచ్చుతగ్గుల్ని చూపించే బొమ్మ) కనపడకపోతే వీడియో నుంచి ఆడియోని విడదీసే ఆప్షన్ వాడండి, అప్పుడు రెండు సౌండ్ల గీతలూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. టైమ్‌లైన్‌ని రెండు వేళ్లతో బాగా పెద్దది చేసి చిడతల దెబ్బ కోసం చూడండి. చిడతలు ఠక్కున మోగుతాయి కాబట్టి అక్కడ గీత నిటారుగా లేస్తుంది, రాగం తీసే చోట అలా ఉండదు. అయితే తాళం వేస్తున్నప్పుడు దెబ్బలన్నీ ఒకేలా కనపడి పక్క దెబ్బకి అతికించేసే ప్రమాదం ఉంది, అందుకని పెదనాన్నగారు కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టిన చోట మొదటి దెబ్బనే పట్టుకోండి. రెండు సౌండ్లూ కలిపి వినండి. మాట రెండుసార్లు వినపడితే ఇంకా జరపాలి, ఒకే గొంతులా వినిపిస్తే దగ్గరికి వచ్చేసినట్టే.

గీతలు సరిగ్గా కలిసినా పెదాలకీ మాటకీ కొంచెం తేడా కనపడొచ్చు, కంగారుపడకండి. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళుతుంది. మీరు స్టేజికి 70 అడుగుల దూరంలో నిలబడి ఉంటే మాట మీ ఫోన్‌కి చేరేసరికి సెకనులో 16వ వంతు ఆలస్యమవుతుంది, అంటే సెకనుకి 30 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, తీసే వీడియోలో దాదాపు 2 ఫ్రేములు. తమ్ముడి ఫోన్ స్టేజి మీదే ఉంది కాబట్టి వాడి ఆడియోలో ఆ ఆలస్యం లేదు. గీతలు కలిపాక ఆ ఆడియోని 2 ఫ్రేములు ముందుకు, అంటే ఎడమకి జరిపి చూడండి. మరీ ఎక్కువ జరపకండి, మాట కాస్త ఆలస్యమైతే మనం సర్దుకుంటాం గానీ పెదాలు కదలకముందే మాట వినపడితే ఇట్టే తెలిసిపోతుంది.

ఇక అప్పుడు మీ వీడియో సౌండ్ పూర్తిగా తగ్గించేయొచ్చు. కానీ జనం ‘గోవిందా గోవింద’ అని అందుకునే చోట మాత్రం కొంచెం పెంచండి. ఆ స్పందన లేకపోతే హరికథ ఖాళీ గదిలో చెప్పినట్టు ఉంటుంది, మీ వీడియోలో పోగొట్టుకోకూడనిది అదే అని నా అభిప్రాయం. కథ మొత్తానికి పెంచి ఉంచితే మాత్రం మాట వెనక ప్రతిధ్వని వస్తుంది.

ప్రశ్న: పదో తరగతి లెక్కల పాఠాలు వీడియో తీస్తున్నాను. కాలర్ మైకుని రెండో ఫోన్‌కి పెట్టుకుంటాను. మొదట్లో అంతా సరిగ్గా కలుస్తుంది, అరగంట అయ్యేసరికి మాట తప్పుతోంది. యాప్ మార్చినా అంతే. (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: చాలా ఫోన్లు వీడియోని కచ్చితంగా సెకనుకి 30 ఫ్రేముల చొప్పునే తీయవు మాస్టారూ, వెలుతురు తగ్గినా ఫోన్ వేడెక్కినా కొన్ని ఫ్రేములు తగ్గుతాయి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు అన్నీ సమానంగా ఉన్నాయనుకుని లెక్క కట్టడంతో తేడా కొద్దికొద్దిగా పేరుకుంటుంది. దానికి తోడు రెండు ఫోన్ల లోపలి గడియారాలు కూడా వెంట్రుకవాసి తేడాతో నడుస్తాయి. ఆడియో స్పీడు మార్చి సరిచేద్దామనుకుంటే కుదరదు, అరగంటలో 0.2 సెకను తేడా అంటే 0.011 శాతం, ఫోన్ యాప్‌లలో స్పీడుని అంత సన్నగా మార్చలేం. మీరు బోర్డు మీద రాస్తూ మౌనంగా ఉండే చోట్ల ఆడియోని కట్ చేసి, ఒక్కో ముక్కనీ ఒకటి రెండు ఫ్రేములు జరపండి, మౌనంలో అతుకు ఎవరికీ తెలియదు. ఇకమీదట ఒక్కో లెక్కకి ఒక్కో వీడియోగా తీయండి. పది నిమిషాల్లో తేడా పెద్దగా పెరగదు, పిల్లలకి కావలసిన లెక్క వెతుక్కోవడమూ సులువు. ప్రతిసారీ మొదట్లో కెమెరాకి కనపడేలా ఒక చప్పట, ఆపే ముందు ఇంకొకటి కొట్టండి. రెండో చప్పట కూడా కలిస్తే మధ్యలో పెద్దగా వెతకక్కర్లేదు. రికార్డర్ సెటింగ్స్‌లో శాంపుల్ రేటు (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్ ఉంటే అదే పెట్టుకోండి, వీడియోల్లో వాడేది అదే. రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, పాఠం మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు.

ప్రశ్న: అమ్మ గుంటూరు నుంచి పోతన పద్యాలు పాడి వాట్సాప్‌లో పంపుతుంది, నేను ఫొటోలతో వీడియో చేసి పిల్లలకి చూపిస్తాను. గొంతు ఏదో బొంగురుగా వస్తోంది. (పాఠకురాలు, డాలస్)

జవాబు: అమ్మగారు మైక్ గుర్తు నొక్కి పట్టుకుని పాడుతున్నట్టున్నారు. అలా పంపేవి బాగా కుదించిన ఆడియోలు, మాటకి చాలు గానీ పాటకి చాలవు. ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్‌లో పాడి, ఆ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు వాట్సాప్ దాన్ని కుదించదు. 2 జీబీ దాకా వెళుతుంది, డబ్ల్యూఏవీ ఫార్మాట్‌లో నిమిషం పద్యం 6 ఎంబీకి కాస్త అటూఇటుగా ఉంటుంది, కాబట్టి సైజు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఫ్యాన్ ఆపేసి, తలుపులు మూసి, పరుపూ దుప్పట్లూ ఉన్న గదిలో కూర్చుని, ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకి పెట్టుకుని పాడమని చెప్పండి.