క్లబ్బు బండికి మీ ఒక్కరి పేరు మీద అప్పా?

ప్రశ్న: మా మోటార్‌సైకిల్ క్లబ్బులో 12 మందిమి ఉన్నాం. 1942 నాటి బీఎస్ఏ ఎం20 అనే బ్రిటిష్ మోటార్‌సైకిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. అందరం కలిసి కొని, ఏడాదిన్నరలో దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని అనుకుంటున్నాం. నా క్రెడిట్ స్కోరు బాగుంది కాబట్టి పర్సనల్ లోన్ నేను తీసుకుంటాను, మిగతావాళ్లు నెలనెలా వాళ్ల వాటా నాకు ఇస్తారు. చాలకపోతే క్రెడిట్ కార్డు ఉంది. నాకు ఇద్దరు పిల్లలు. ఇంటి లోన్ నడుస్తోంది. ఖాతాలో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బు ఉంది. బండి విలువ పెరుగుతుంది కాబట్టి ఇది పెట్టుబడేనని మావాళ్లు అంటున్నారు. లోన్ ఎన్నేళ్లకు తీసుకుంటే మంచిది?

జవాబు: ఎన్నేళ్లకూ తీసుకోకండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది బీఎస్ఏ కాదు, ‘ఒక నెల ఖర్చులకు సరిపడా’ అన్న మాట. ఇద్దరు పిల్లలు, నడుస్తున్న ఇంటి లోన్, చేతిలో ఒక్క నెల ఖర్చు. ఈ స్థితిలో ఉన్న మనిషి ఇంకో 11 మంది సరదాకు కూడా పూచీ పడుతున్నారు. స్కోరు బాగున్నవాడి పేరు మీద అప్పు తీసుకుని అందరూ పంచుకుందామనే ఆలోచన క్లబ్బుల్లో, స్నేహితుల్లో, అన్నదమ్ముల్లో కూడా తరచూ చూస్తుంటాను. అందుకే మీకు కాస్త గట్టిగా చెబుతున్నాను.

బ్యాంకు దృష్టిలో మీ క్లబ్బు లేదు, మీరున్నారు. మీ వాటా పన్నెండో వంతు. ముగ్గురు మానేస్తే, వాళ్ల వాటాలు కూడా మీ మీదే పడి మూడో వంతు కట్టాల్సి వస్తుంది. మానేయడానికి వాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. ఒకరికి బదిలీ కావచ్చు, ఒకరికి ఉద్యోగం పోవచ్చు, ఇంకొకరికి ఇంట్లో పెళ్లి ఖర్చు రావచ్చు. ఈఎంఐ మాత్రం ఆగదు. ఏడాదికి 14 శాతం వడ్డీతో మూడేళ్ల లోన్ అయితే ప్రతి 100కి దాదాపు 123 కడతారు. ఇక కార్డు సంగతి ఎత్తకండి. నెలకు 3 శాతమే కదా అనిపిస్తుంది. కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. సరదా కోసం కొన్న పాత బండికి ఈ వడ్డీ కట్టడం తెలివైన పని కాదు.

పెట్టుబడి అన్న మాట కూడా పక్కన పెట్టండి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం ఎం20లను లక్షకు పైగా తయారు చేశారు. విడిభాగాలు నేటికీ దొరకడానికి కారణం అదే. అరుదైన బండి కాకపోవడానికీ కారణం అదే. పునరుద్ధరణకు పెట్టిన ఖర్చంతా అమ్మినప్పుడు తిరిగి రావడం అరుదు. పైగా సగం విప్పిన బండిని అవసరానికి అమ్మబోతే, కొన్న ధర కూడా పలకదు.

ఖర్చు అంచనా మీరు రాయలేదు. ఎంత వేసుకున్నా ఇంజన్ విప్పేదాకా అది ఊహే. స్పార్క్‌కూ లైట్లకూ కరెంటు పుట్టించే మాగ్‌డైనో సంగతి ఒక్కటే చూడండి. లోపలి వైండింగు (రాగి తీగ చుట్ట), కండెన్సరు పాతబడితే, బండి చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్ట్ అవుతుంది. కాసేపు తిరిగి వేడెక్కాక స్పార్క్ తగ్గి ఆగిపోతుంది. అమ్మేవాళ్లు చూపించేది మొదటి కిక్కు. వైండింగ్ ఖర్చు తెలిసేది తర్వాత. సిలిండర్ బోర్ చేయించడం, పిస్టన్, బిగ్ ఎండ్ బేరింగ్ కూడా ఇంతే. అందుకే క్లబ్బు తన అంచనా మీద కనీసం 30 శాతం అదనంగా, ముందే, రొక్కంగా పక్కన పెట్టాలి.

ఆ 30 శాతాన్ని మీ ఇంటి అత్యవసర నిధితో కలపకండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ‘ఇప్పటికి నా ఖాతాలోంచి ఇస్తాను, వచ్చే నెల సర్దుకుందాం’ అంటారు. ఆ వచ్చే నెలలోనే పిల్లాడికి జ్వరం వస్తుంది, జీతం ఆలస్యమవుతుంది. అవసరం వస్తే క్లబ్బువాళ్లు ఆదుకుంటారని మీరు అనుకోవచ్చు. వాళ్ల మనసు మంచిదే అయినా, ఆ రోజు వాళ్ల చేతిలో డబ్బు ఉండాలి కదా. మీరు బండి నడిపే మనిషి. కాలో చెయ్యో విరిగి మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే ఇల్లు గడవాలి, ఇంటి లోన్ వాయిదా కట్టాలి. ఆరు నెలల ఖర్చులు, ఆరు నెలల ఇంటి వాయిదాలు కలిపి విడి ఖాతాలో, అడిగిన రోజే చేతికి వచ్చేలా ఉండాలి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు కూడా తీసుకోకండి. లోన్‌కు కట్టాలనుకున్న ఈఎంఐ మొత్తాన్ని వచ్చే నెల నుంచి అందులో వేయండి. అది నిండేదాకా క్లబ్బుకు మీ వంతుగా శ్రమ ఇవ్వండి, డబ్బు వద్దు. తుప్పు గీకడానికి, భాగాలకు లేబుళ్లు కట్టి ఫొటోలు తీయడానికి మనుషులు కావాలి.

మరి ప్రాజెక్టు ఆగిపోవాలా? అక్కర్లేదు. మిగతా 11 మందిని నెలనెలా ఉమ్మడి ఖాతాలో వేయమనండి, మీ నిధి నిండాక మీరూ కలవండి. ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు బయటికి రావాలి. కొనే డబ్బు, ఆ 30 శాతం జమయ్యాకే బేరానికి వెళ్లండి. ఈ బండి చేజారితే ఇంకో ఎం20 దొరుకుతుంది. బీమా తీసుకునేటప్పుడు పాత బండ్లకు విలువను ముందే ఒప్పుకునే పాలసీ అడగండి. షెడ్డులో విప్పి ఉన్న భాగాలకు అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

కొనే ముందు ఫ్రేమ్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో సరిపోతున్నాయో చూడండి. సైనిక వర్క్‌షాపుల్లో ఇంజన్లు మార్చిన బండ్లు చాలా ఉన్నాయి. బండి ఎవరి పేరు మీద ఉంటుందో, మధ్యలో మానేసినవారికి ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారో ఒక కాగితం మీద రాసి 12 మందీ సంతకం పెట్టండి. ఆ కాగితం మీద సంతకానికి ఎవరైనా వెనకాడితే, వాళ్లను ఇప్పుడే వాటాల్లోంచి తీసేసి లెక్క మళ్లీ వేసుకోండి.